మత్తడి లేని చెరువు

మామూలుగా సున్నా అంటే అట్టడుగు అని కదా మన లెక్క. మార్కుల్లో సున్నా, బ్యాంకు ఖాతాలో సున్నా, ఏదైనా అంతకంటే కిందికి పోకూడదని దేవుడికి మొక్కుకుంటాం. డిజిటల్ సౌండ్‌లో మాత్రం వ్యవహారం తలకిందులు. అక్కడ సున్నా అంటే పైకప్పు. శబ్దాలన్నీ మైనస్‌లోనే బతుకుతాయి. గుసగుస మైనస్ 50 డీబీ దగ్గర, మామూలు పాట మైనస్ 18 దగ్గర, గట్టి డప్పు దెబ్బ మైనస్ 3 దగ్గర, ఇలాగన్నమాట. సున్నాకి పైన అంకెలే లేవు. దాన్ని దాటబోయిన శబ్దానికి తల అక్కడికక్కడే తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పాట వింటుంటే డప్పు పడ్డ చోటల్లా గుడ్డ చిరిగినట్టు 'చర్ర్' మనడం, గొంతు పైకి లేచినప్పుడల్లా గరగరమనడం మీరూ వినే ఉంటారు.

నేను సౌండ్ ఇంజినీర్ని కాదు, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. పాటల పిచ్చి ఉంది, అంతే. అయితే ఈ సున్నా చరిత్ర వెతుక్కుంటూ పోతే నాకొక సంగతి అర్థమయింది. క్లిప్పింగ్ మిషన్‌కి వచ్చిన జబ్బు కాదు, మన అలవాటుకి వచ్చిన జబ్బు. దాదాపు ఎనభై ఏళ్ళ పాటు రికార్డింగు వాళ్ళు ఒక భయంతో పనిచేశారు. ఆ భయానికి కారణం ఎప్పుడో పోయింది, అలవాటు మాత్రం పోలేదు. దాని ఖర్చు ఇవాళ మా ఖానాపూర్ వైపు పాటలు కడుతున్నాయి. ఎలాగో చెప్తాను. కథ కొంచెం పాతకాలం నుంచి మొదలుపెట్టాలి, ఓపిక పట్టండి.

కొమ్ము ముందు పాట

1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మన దేశంలో గ్రామఫోన్ కథ అక్కడ మొదలు. అప్పటికి మైకు లేదు, కరెంటు లేదు. పాడేవాళ్ళు పెద్ద కొమ్ములోకి పాడాలి. ఆ గాలి తోపుడుకి కొమ్ము చివరి పల్చటి పొర కదులుతుంది, దానికున్న సూది మైనం మీద గీత గీస్తుంది. అంతే సంగతి.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. మెల్లగా పాడితే గీత సన్నగా పడుతుంది, వినేటప్పుడు రికార్డు గీరుకునే రొదలో పాట కలిసిపోతుంది. గట్టిగా పాడితే గీత పక్క గీత మీదికి పోతుంది, సూది ఎగిరిపడుతుంది, లేదంటే శబ్దం పగిలిపోతుంది. దీనికి ఆ కాలంలోనే 'బ్లాస్టింగ్' అని పేరు పెట్టారు. విరుగుడు కూడా చాలా సింపుల్. పాడే మనిషి పై స్వరం అందుకోబోతుంటే పక్కనున్నాయన భుజం పట్టి వెనక్కి లాగేవాడు, కిందికి దిగగానే మళ్ళీ ముందుకి తోసేవాడు. ప్రపంచంలో మొట్టమొదటి లిమిటర్ మనిషి చెయ్యే అన్నమాట :)

కింద రొద, పైన బ్లాస్టింగ్. ఈ రెండు గోడల మధ్య ఎంత జాగా ఉంది? రికార్డింగు చరిత్ర మొత్తాన్ని ఈ ఒక్క ప్రశ్నతో చెప్పొచ్చు.

1925లో మైకులు, యాంప్లిఫయర్లు వచ్చాయి. సినిమాకి మాట వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలయింది. టాకీల్లో శబ్దాన్ని వెలుతురుగా మార్చి ఫిల్మ్ అంచున అచ్చువేసేవాళ్ళు. అందులో ఒక పద్ధతి ఏమిటంటే, రెండు సన్నటి లోహపు పట్టీలు పక్కపక్కనే బిగించి ఉంటాయి, మధ్య సందులోంచి వెలుతురు పోతుంది. శబ్దాన్ని బట్టి సందు పెద్దదీ చిన్నదీ అవుతుంటుంది. మరీ గట్టి శబ్దం వస్తే? పట్టీలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. సందు మూసుకుపోయాక అంతకన్నా మూయడం కుదరదు కదా, అల తల తెగుతుంది. డిజిటల్ ఇంకా పుట్టకముందే సినిమా వాళ్ళకి క్లిప్పింగ్ ఇలా పరిచయమయింది.

అప్పట్లో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒకేసారి, ఒకే టేకులో కానివ్వాలి. ఒకరి శబ్దం పగిలితే అందరూ మళ్ళీ మొదటినుంచి. అందుకే ఆ తరం గాయకులకి మైకు దగ్గర ఒక నడవడి ఉండేది. పై స్థాయికి పోయేటప్పుడు కొద్దిగా వెనక్కి జరగడం, గమకం మెల్లగా పలకాలంటే దగ్గరికి రావడం. ఇందాకటి భుజం పట్టి లాగే మనిషి గాయకుడి ఒంట్లోకే వచ్చేశాడు.

టేపుకి మత్తడి ఉండేది

1935లో జర్మనీలో ఏఈజీ వాళ్ళు బెర్లిన్ రేడియో ప్రదర్శనలో టేపు రికార్డరు చూపించారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అది ప్రపంచమంతా పాకింది. దీనికి కాస్త ముందూ వెనకగా, 1939లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్, రేడియో కంపెనీలు కలిసి ఒక మీటరు తయారుచేశాయి. వీయూ మీటరు. పాత టేపురికార్డర్ల మీద అటూ ఇటూ ఊగే ముల్లు, చివర ఎర్ర గీత గుర్తుందా? అదే.

ఈ ముల్లుని కావాలనే బద్ధకంగా తయారుచేశారు. అసలు విలువ దగ్గరికి చేరడానికి దానికి దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది. మాటకి, పాటకి ఇది బాగానే ఉంటుంది, చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో సుమారుగా అంతే చూపిస్తుంది. కానీ డప్పు మీద పుల్ల పడ్డ దెబ్బ కొద్ది మిల్లీసెకన్లలో పుట్టి పోతుంది. ముల్లు లేచేలోపు దెబ్బ అయిపోయింది! ముల్లు సున్నా దగ్గర ఊగుతున్నప్పుడు అసలు శిఖరాలు దానికి 10 డీబీ పైన కూడా ఉండొచ్చు. (6 డీబీ పెరిగిందంటే అల ఎత్తు రెట్టింపయినట్టు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.)

మరి అప్పుడెందుకు పాటలు పగల్లేదు? ఎందుకంటే టేపుకి మత్తడి ఉంది.

మా తెలంగాణ బయట పెరిగినవాళ్ళ కోసం చెప్తున్నాను, మత్తడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు కట్ట తెగకుండా బయటికి పోయే చోటు. కోస్తాలో అలుగు, కలుజు అంటారనుకుంటా. వాన దంచికొట్టినా చెరువు మట్టం ఒక్కసారిగా పెరగదు, మత్తడి దూకి సర్దుకుంటుంది. టేపు మీది అయస్కాంతపు పూత కూడా అంతే. శబ్దం పెరిగేకొద్దీ అది మొరాయిస్తుంది గానీ ఒక్కసారిగా 'ఇక లేదు' అనదు. అల తలని కోసెయ్యదు, గుండ్రంగా నున్నగా చేస్తుంది. చెవికి అది పగిలినట్టు ఉండదు, కొంచెం బరువు వచ్చినట్టు ఉంటుంది. చాలామందికి ఆ బరువే ఇష్టం.

పైన అంత మెత్తగా ఉంటే, కింద మాత్రం టేపు సతాయించేది. ఎప్పుడూ 'సుయ్య్' మని హిస్స్. మామూలు క్యాసెట్లో ఆ హిస్స్‌కీ గట్టి పాటకీ మధ్య ఉండే జాగా సుమారు 50 డీబీ. పైగా ఒక క్యాసెట్ నుంచి ఇంకోదానికి కాపీ చేస్తే హిస్స్ పెరుగుతుంది. దాన్నుంచి మరోటి చేస్తే ఇంకా పెరుగుతుంది. 1963లో ఫిలిప్స్ వాళ్ళు మొదలుపెట్టిన ఈ క్యాసెట్ మన దగ్గర ఎనభైల్లో ఊరూరికీ వచ్చింది. గద్దర్ పాటలు, జన నాట్య మండలి పాటలు, ఆ తర్వాత 2002లో మొదలైన తెలంగాణ ధూంధాం పాటలు, ఇవన్నీ క్యాసెట్ల మీద చేతులు మారుతూ తిరిగినవే. పదోసారి కాపీ అయిన క్యాసెట్లో పాట బతికుండాలంటే మొదటి రికార్డింగు గట్టిగా ఉండి తీరాలి.

అందుకే "ముల్లు ఎర్రలోకి పోతే పోనీ, మీటరు నింపు" అన్న మాట పుట్టింది. ఆ కాలానికి అది సరైన మాటే. కింద రొద నిజం, పైన మత్తడి నిజం. మా ఊళ్ళో మైక్‌సెట్ నడిపే పెద్దాయన కూడా నాకు చిన్నప్పుడు ఇదే చెప్పాడు, "పాట మెల్లగుంటే పాట గాదు బిడ్డా, గాలి" అని. ఆయన లెక్కలో ఆయన కరెక్టే.

32,767

ఇప్పుడు మా సామ్రాజ్యంలోకి వద్దాం. శబ్దాన్ని అంకెలుగా రాసే పద్ధతిని అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1930ల చివర్లోనే కనిపెట్టాడు. దాన్ని అమలుచేసే పరికరాలే అప్పటికి లేవు. 1972 నాటికి జపాన్‌లో డెనాన్ వాళ్ళు డిజిటల్‌గా రికార్డు చేసిన సంగీతాన్ని రికార్డులుగా తేవడం మొదలుపెట్టారు. 1982లో సోనీ, ఫిలిప్స్ వాళ్ళ సీడీ వచ్చింది. సెకనుకి 44,100 సార్లు అల ఎత్తుని కొలవడం, ప్రతి కొలతనీ 16 బిట్లలో రాయడం, ఇదీ సీడీ.

16 బిట్ల సైన్డ్ ఇంటిజర్ అనగానే మావాళ్ళందరికీ ఒళ్ళు జలదరిస్తుంది. మైనస్ 32,768 నుంచి ప్లస్ 32,767 దాకా. అంతకంటే పెద్ద అంకె అందులో పట్టదు. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన 40 సెకన్లలోపే ముక్కలవడానికి కారణం ఇదే. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ అంకెని 16 బిట్ల పెట్టెలో కుక్కబోయారు, పట్టలేదు. పాత ఏరియన్ 4 కోసం రాసిన కోడ్‌ని కొత్త రాకెట్‌లో అలాగే వాడారు. ఏరియన్ 4లో ఆ అంకె ఎప్పుడూ అంత పెద్దది కాలేదు మరి. పాత అలవాటు, కొత్త పెట్టె. ఇది గుర్తుంచుకోండి.

పాటలో రాకెట్ పేలదు. కన్వర్టరు కాస్త మర్యాదస్తురాలు. 40,000 రావాల్సిన చోట 32,767 అని రాసి ఊరుకుంటుంది. తర్వాతిది 45,000 అయినా 32,767. దాని తర్వాతిదీ 32,767. కొండ శిఖరం ఉండాల్సిన చోట బల్లపరుపు. ఆ బల్లపరుపు అంచుల దగ్గర అసలు పాటలో లేని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి, చెవికి వినిపించే గరగర అదే. తర్వాత వాల్యూం తగ్గిస్తే? బల్లపరుపు కిందికి దిగుతుంది, అంతేగాని కొండ కాదు. 'డీక్లిప్పర్' అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, చుట్టుపక్కల అంకెలు చూసి శిఖరం ఎలా ఉండి ఉంటుందో ఊహిస్తాయి. ఒకటీ అరా చోట్ల బాగానే పనిచేస్తాయి. కానీ ఊహ ఊహే. ఆ అంకెలు ఎక్కడా రాసి లేవు.

అంటే పైన మత్తడి పోయింది. మరి కింద? అసలు విశేషం అక్కడే ఉంది. కింద రొద కూడా పోయింది! ఒక్కో బిట్‌కి సుమారు 6 డీబీ జాగా. 16 బిట్లకి 96 డీబీ. క్యాసెట్‌లో 50 ఉన్నచోట 96. పైన 12 డీబీ ఖాళీ వదిలేసినా ఇంకా 84 మిగులుతుంది. ఇవాళ మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా 24 బిట్లలో రికార్డు చేస్తుంది, లెక్క ప్రకారం 144 డీబీ, సర్క్యూట్ల రొద తీసేసినా 100 పైచిలుకు. అందులో 20 డీబీ వదిలేసినా మీ గదిలో ఫ్యాన్ రొద కన్వర్టరు రొద కంటే పైనే ఉంటుంది. మీటరు నింపాల్సిన అవసరం 1980ల్లోనే తీరిపోయిందన్నమాట.

మరి అలవాటు ఎందుకు పోలేదు? నాకు తోచిన కారణం, రెండు మీటర్ల మీదా ఒకే అంకె ఉండటం. వీయూ ముల్లుకి సున్నా అంటే 'ఇక్కడ కూర్చో' అని. డిజిటల్ మీటరుకి సున్నా అంటే 'ఇక్కడితో సరి' అని. ఇంజినీర్లకి ఈ తేడా తెలుసు. పాత ముల్లు సున్నాని కొత్త మీటరు మీద యూరప్ వాళ్ళు మైనస్ 18 దగ్గర, అమెరికా వాళ్ళు మైనస్ 20 దగ్గర పెట్టుకోవాలని ప్రమాణాలు రాసుకున్నారు. పైన 18, 20 డీబీ ఖాళీ కావాలనే వదిలారు. ఇంగ్లీషులో హెడ్‌రూమ్ అంటారు. ఆ కాగితం మాత్రం ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని పాట కలిపేవాళ్ళ దాకా రాలేదు. వచ్చింది "మీటరు నింపు" ఒక్కటే.

కడెం చెప్పే లెక్క

ఈ ఖాళీ సంగతి మా ప్రాంతం వాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఖానాపూర్ (2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్ జిల్లా) పక్కనే కడెం ప్రాజెక్టు ఉంది. ఏ డ్యామ్ కట్టినా నిండు మట్టానికీ కట్ట నెత్తికీ మధ్య కొంత ఖాళీ వదులుతారు, ఫ్రీబోర్డ్ అంటారు. కడెంకి 2.4 మీటర్లు వదిలారు. 1958 ఆగస్టు వరదలో నీళ్ళు ఆ 2.4 మీటర్లూ మింగేసి, కట్ట మీద ఇంకో 46 సెంటీమీటర్ల ఎత్తున పారాయి. ఎడమవైపు దాదాపు 137 మీటర్ల గండి పడింది. 1995లో మళ్ళీ గండి. 2022 జులైలో గేట్లన్నీ కలిపి సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగలిగే చోటికి 5 లక్షలకి పైగా వచ్చింది. ఆ రాత్రి కింది ఊళ్ళు ఖాళీ చేయించారు, కట్ట ఎలా నిలిచిందో ఇప్పటికీ మావాళ్ళు ఆశ్చర్యంగా చెప్పుకుంటారు.

సంవత్సరం మొత్తం వాన సగటు తీస్తే కడెం చాలా బుద్ధిమంతురాలైన వాగు. కట్టని తెంపేది సగటు కాదు, ఆ ఒక్క రాత్రి. పాట కూడా అంతే. నాలుగు నిమిషాల పాటలో క్లిప్ అయ్యేది మొత్తం కలిపితే అర సెకను కూడా ఉండకపోవచ్చు. కానీ ఆ అర సెకనే డప్పు పడ్డ క్షణాలు, గొంతు పైకెత్తిన క్షణాలు. అంటే పాటకి ప్రాణం ఉన్న చోట్లు.

కావాలనే తల నరకడం

ఇంతవరకూ చెప్పింది తెలియక జరిగేది. తొంభైల నుంచి తెలిసి చేసేది మొదలయింది. పక్క పాట కంటే మన పాట గట్టిగా వినపడాలి, కానీ సున్నా మీద జాగా లేదు. అప్పుడేం చేస్తారు? శిఖరాలు నొక్కేసి మిగతాదంతా పైకి లేపుతారు. 1994లో వేవ్స్ కంపెనీ 'ఎల్1' అనే సాఫ్ట్‌వేర్ లిమిటర్ తెచ్చాక ఇది చాలా తేలికయింది. దీనికి లౌడ్‌నెస్ వార్ అని పేరు. 2008లో మెటాలికా వాళ్ళ 'డెత్ మాగ్నెటిక్' సీడీ వచ్చినప్పుడు అభిమానులే తిట్టిపోశారు. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియోగేమ్‌లో అంత నొక్కకుండా వచ్చాయి, సీడీ కంటే గేమ్‌లోనే బాగున్నాయని జనానికి తెలిసిపోయింది. మళ్ళీ మిక్స్ చెయ్యమని సంతకాలు కూడా సేకరించారు.

మన దగ్గర సంతకాలు ఎవరూ సేకరించలేదు గానీ యుద్ధం మాత్రం జరుగుతూనే ఉంది. మా వైపు ఒక చిన్న స్టూడియోలో (పేరెందుకులెండి) జానపదం పాట మిక్స్ చేస్తుంటే చూశాను. మాస్టర్ మీటరు నిండా ఎరుపే. "అన్నా, ఎరుపు కొడుతుంది గదా" అంటే, "గట్టిగ లేకుంటే ఎవ్వలింటరన్నా, డీజేల ఏస్తే దుమ్ము లేవాలె" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. పాట తెచ్చినవాళ్ళు అడిగేది అదే.

కానీ అతనికి తెలియని సంగతి ఒకటుంది, ఆ యుద్ధం ఇప్పటికే ఓడిపోయింది. శబ్దం చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం 2006లో వచ్చింది. 2010లో యూరప్ ప్రసార సంస్థలు దాన్ని ఆధారం చేసుకుని మైనస్ 23 అని గీత గీసుకున్నాయి. తర్వాత స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి సుమారు మైనస్ 14 దగ్గర ఆగాయి. మీరు పాటని నొక్కి నొక్కి మైనస్ 7కి లేపి పంపారనుకోండి, వాళ్ళు 7 డీబీ తగ్గించి వినిపిస్తారు. వాల్యూం పక్క పాటతో సమానం అయిపోయింది, కానీ మీరు నరికిన డప్పు తల తిరిగి రాదు. గట్టిదనం వెనక్కి తీసుకున్నారు, నష్టం మీకే వదిలేశారు. ఇంతకంటే చెడ్డ బేరం ఉంటుందా?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే

సినిమా పాటకి స్టూడియోలో విడివిడి ట్రాకులు ఉంటాయి, కావాలంటే ఇంకోసారి మిక్స్ చేస్తారు. నా బాధ వాటి గురించి కాదు.

2024 జూన్‌లో సకిని రామచంద్రయ్య పోయారు. కోయల డోలి కళాకారుడు, కోయ వంశాల చరిత్ర, సమ్మక్క సారలమ్మల కథ నోటికి పాడే మనిషి. అదే సంవత్సరం అక్టోబర్‌లో మార్లవాయి కనకరాజు పోయారు, గుస్సాడీ అంటే మొదట తలుచుకునే పేరు. ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చాయి కాబట్టి మనకి పేర్లు తెలిశాయి. పేర్లు తెలియనివాళ్ళు మా జిల్లాల్లో ఊరికొకరున్నారు. కిక్రీ వాయిస్తూ గోండు కథలు చెప్పే ప్రధాన్‌లు, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు, వేరే ఎవ్వరికీ రాని బతుకమ్మ పాటలు వచ్చిన ముసలమ్మలు.

ఇవాళ వీళ్ళ పాటల్ని రికార్డు చేసేది స్టూడియోలు కాదు, మనవళ్ళ ఫోన్లు. మంచిదే, అసలు లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు. కానీ దీపావళికి దండారీలో డోలు, తుడుం, పెప్రె, కాలికోమ్ కలిసి మోగుతుంటే మూడడుగుల దూరంలో ఫోన్ పట్టుకుంటారు. ఫోన్ దానంతటదే వాల్యూం ఎక్కించి దించుతుంటుంది. దెబ్బ పడ్డప్పుడల్లా నొక్కేస్తుంది, సరిపోకపోతే కోసేస్తుంది. తర్వాత అది వాట్సాప్‌లో పడి ఇంకొంచెం చిక్కిపోతుంది. యాభై ఏళ్ళ తర్వాత ఆ తాళం నేర్చుకోవాలనుకునే పిల్లాడికి మిగిలేది గరగర.

పోలిక కోసం ఒకటి చెప్తాను. గ్రియర్సన్ భాషా సర్వే కోసం 1913 నుంచి 1929 మధ్యలో దేశంలోని చాలా భాషలవి గ్రామఫోన్ రికార్డులు చేశారు, తెలుగు కూడా ఉంది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో అవి వినొచ్చు. వెనక రొద దండిగా ఉంటుంది. అయినా వందేళ్ళ కిందటి మనిషి గొంతు వెనకనుంచి వినిపిస్తుంది. రొద పాట పక్కన కూర్చుంటుంది, చెవి దాన్ని పక్కకు పెట్టగలదు. క్లిప్పింగ్ అలా కాదు, పాటనే తీసుకుపోతుంది. ఈ రెండిటిలో ఒకటే తప్పించుకోగలం అంటే, ఏ అనుమానం లేకుండా క్లిప్పింగ్ తప్పించుకోవాలి. పాత భయం సరిగ్గా దీనికి వ్యతిరేకం నేర్పింది మనకి.

చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు

1. 24 బిట్లలో రికార్డు చెయ్యండి. సగటు మైనస్ 18 దగ్గర, అతి పెద్ద శిఖరం మైనస్ 10 దాటకుండా. మీటరు సగం ఖాళీగా కనపడుతుంది. కనపడనివ్వండి.

2. టెస్టింగులో "తాతా, మీరు కొట్టగలిగినంత గట్టిగ ఒక్కసారి కొట్టుండ్రి" అని అడిగి, దానికి లెవెల్ పెట్టుకుని, ఇంకో 6 డీబీ తగ్గించండి. పది మంది చుట్టూ చేరి ఈల వేశాక ఆ తాత టెస్టింగు కంటే గట్టిగా కొడతాడు, ఇది రాసిపెట్టుకోండి.

3. మైకు, ప్రీయాంప్ ముందే పగిలితే మీటరు మైనస్ 20 చూపించినా లాభం లేదు. మైకు మీద 'ప్యాడ్' మీట ఉంటే వాడండి, లేదంటే దూరం జరగండి. 1902లో పనిచేసిన ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది.

4. 2019లో జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ రెండో తరం లాంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చాయి. వాటిలో ఫైలు సున్నా దాటినా అంకెలు పోవు, తర్వాత కిందికి దించుకోవచ్చు. అయితే మూడో నెంబరు సలహా వాటికీ వర్తిస్తుంది.

5. మిక్సింగులో ట్రాకులు కలుపుతుంటే మట్టం పెరుగుతుంది. సంబంధం లేని రెండు శబ్దాలు సమానంగా కలిస్తే 3 డీబీ, ఎనిమిది కలిస్తే 9. అందుకే మొదటి నుంచే ఫేడర్లు కింద పెట్టుకోండి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు లోపల ఫ్లోట్‌లో లెక్క వేస్తాయి కాబట్టి లోపల పొంగినా పర్వాలేదు, ఫైలు బయటికి తీసే చోట తల తెగుతుంది.

6. చివరి ఫైలుని సున్నాకి ఆనించొద్దు. రాసిన రెండు అంకెల మధ్య అసలు అల ఇంకా పైకి పోయి ఉండొచ్చు, ఎంపీ3 చేస్తే ఇంకొంచెం కదులుతుంది. 'ట్రూ పీక్' మైనస్ 1 దగ్గర ఆపండి.

7. ఫోనే గతి అయితే పది పదిహేను అడుగులు వెనక్కి జరగండి. రికార్డింగు యాప్‌లో ఆటో గెయిన్ తీసేసే వీలుంటే తీసెయ్యండి. అసలు ఫైలు కంప్యూటర్లోకి ఎక్కించి దాచండి, వాట్సాప్‌లో వచ్చిన కాపీ ఒక్కటే దాచుకోకండి.

అంతే. వీటిలో రెండోది, ఏడోది పైసా ఖర్చు లేనివి.

కాళ్ళకి గజ్జెలు, నెత్తికి నెమలీకల టోపీ కట్టి గుస్సాడీలు మళ్ళీ వచ్చే దీపావళికి బయల్దేరుతారు. మీలో ఎవరైనా ఆ వైపు వాళ్ళుంటే, మీ ఇంట్లోనో వాడలోనో ఇంకెవరికీ రాని పాట వచ్చిన పెద్దమనుషులుంటే, ఈసారి రికార్డు చేసేటప్పుడు మీటరు మీద కాస్త ఖాళీ ఉంచండి. ఇప్పటికే చేసినవి ఉంటే అసలు ఫైళ్ళు ఎక్కడున్నాయో ఈ ఆదివారమే ఒకసారి వెతకండి. దొరికితే నాకూ చెప్పండి, వినాలని ఉంది.